ఎనభై పౌండల్స్

“రొట్టెలు ఎనుక చేద్దువు గని, జర గీ లెక్క చూడు.”

ఆరేళ్లుగా నా పొద్దులు ఈ మాటతోనే మొదలవుతున్నాయి. మా ఆయన పుస్తకం చాపి నిలబడతాడు. నేను పిండి చేతులు చెంగుకు తుడుచుకుని అందుకుంటాను. పెనం మీద జొన్నరొట్టె మాడుతూ ఉంటుంది. లెక్క చదివి, పలక మీద బొమ్మ గీసి, నాలుగు వరుసల్లో తేల్చి ఇస్తాను. ఆయన దాన్ని తన నోటుబుక్కులోకి ఎక్కించుకుని స్నానానికి పోతాడు. ఆ మాడిన రొట్టె ఎవరు తిన్నారని ఈ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

మా ఆయన మహాదేవప్ప జహీరాబాద్‌లో ఒక హైస్కూల్లో సైన్సు మాస్టరు. ఆయన చదువంతా ఉర్దూలో సాగింది. ఘర్షణను రగడ్ అని నేర్చుకున్న మనిషి. ఆంధ్రప్రదేశ్ వచ్చిన రెండేళ్లకు ఆ బడికి పదకొండు, పన్నెండు తరగతులు వచ్చాయి, వాటితోపాటు ఇంగ్లీషు పుస్తకాలూ వచ్చాయి. మొదటి రోజు ఆ పుస్తకం పట్టుకుని ఇంటికి వచ్చినప్పుడు ఆయన ముఖం నాకు ఇంకా గుర్తుంది. జ్వరం వచ్చిందేమో అనుకున్నాను. అప్పటికి మా పెళ్లయి ఏడాది. నాది బీదర్. మా నాన్న రైల్వేలో గూడ్సు క్లర్కు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంటర్మీడియట్ ఫస్టు క్లాసులో పాసయ్యాను. బి.యస్సీ. మొదటి ఏడు సగంలో ఉండగా పెళ్లి చేశారు. “మిగిలింది పెండ్లయినంక చదువుతది, మేము గూడ చదివినోళ్లమే” అని మా మామ నలుగురిలో అన్నాడు. ఆయన మరుసటి సంవత్సరమే పోయాడు. ఆ మాట సంగతి తర్వాత ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తితే చచ్చిపోయిన మనిషిని నిలదీసినట్టు ఉంటుందని ఊరుకున్నాను.

మొదట్లో నాకు సంతోషంగానే ఉండేది, అబద్ధం ఎందుకు. పోయిందనుకున్న చదువు పెరటి దారిన తిరిగి వచ్చినట్టు ఉండేది. ఆయన అడిగితే చాలు, కప్పీలూ, వాలు బల్లలూ, రైలు డబ్బాలూ అన్నీ గీసేదాన్ని. రెండేళ్లు తిరిగేసరికి ‘మహాదేవప్ప సారు నోట్స్’ అంటే తాలూకా అంతా పేరు పడింది. న్యాల్‌కల్ నుంచి, రాయికోడ్ నుంచి పిల్లలు సైకిళ్ల మీద వచ్చి ఆ నోట్స్ చూసి రాసుకుని పోయేవాళ్లు. ఆదివారం మా వసారాలో ఆయన పాఠం చెబుతుంటే నేను చాయ్ కలిపి తలుపు పక్క నుంచి అందించేదాన్ని. “తాడుకు బరువు లేదనుకుంటం, కప్పీ నున్నగ ఉన్నదనుకుంటం. మన పని అల్కగ కావాలని గట్ల అనుకుంటం గని, లోకంల అసుంటియి ఉండయి” అని ఆయన అంటే పిల్లలు నవ్వేవాళ్లు. అది నేను అంతకు ముందురోజు బియ్యం చెరుగుతూ ఆయనతో అన్న మాట. నా మాట ఇంకొకరి నోట్లో నుంచి విని, చాయ్ గ్లాసులు లెక్క సరిపోయాయా లేదా చూసుకుంటూ నిలబడటం ఎట్లా ఉంటుందో చెప్పడం కష్టం. కోపం కాదది. పొద్దంతా నీళ్లు మోశాక చేతులు మనవి కానట్టు ఉంటాయే, అట్లాంటిది.

బావి రెండు సందుల అవతల. రోజుకు పద్నాలుగు బిందెలు. మా అత్త శివమ్మకు పూజకు నీళ్లు వేరు, తాగడానికి వేరు. ఇద్దరు ఆడపిల్లలు. చిన్నదానికి ఇంకా ఆరు నెలలు. బట్టలు, గిన్నెలు, పేడ, పిండి. వీటి మధ్య నోట్స్ సాఫుగా ఎక్కించడం, పరీక్ష పేపర్లు దిద్దడం. నా చేతిరాత బాగుంటుందని ఆయన అందరితో చెబుతాడు. చేతిరాత ఒక్కటే. “నీకేమున్నది, ఇంట్ల కూసోని రాసుడే గద” అంటాడు. కూర్చుని చేసే పని నాకు రోజు మొత్తంలో అదొక్కటే కాబట్టి నేనూ ఏమీ అనలేదు.

పోయిన సంవత్సరం, అంటే అరవై మూడులో, చిన్నదాని కాన్పుకు బీదర్ వెళ్లి నాలుగు నెలలు ఉన్నాను. ఆ నాలుగు నెలల్లో పుస్తకం మారి, ఘర్షణ చాప్టరు కొత్తగా చేరింది. ఆయన దాన్ని సొంతంగా చేసుకున్నాడు. నేను తిరిగి వచ్చాక ఆ కాగితాలు నా ముందు పడేసి సాఫుగా రాసిమ్మన్నాడు. చిన్నది పాలు తాగుతుంటే ఒక చేత్తో దాన్ని పట్టుకుని ఇంకో చేత్తో రాశాను. ఏం రాస్తున్నానో చూడలేదు. ఇరవై రెండు పేజీలు ఎక్కించాను, ఒక్క వాక్యం కూడా నా తలలోకి పోలేదు. అంత నిద్ర కావాల్సి ఉంది నాకు ఆ రోజుల్లో.

జనవరిలో సెలక్షన్ పరీక్ష అయింది. అందులో పాసైన వాళ్లనే మార్చిలో పబ్లిక్ పరీక్షకు పంపుతారు. తప్పిన వాళ్లు ఇంట్లో కూర్చోవాలి. పన్నెండో తరగతిలో ముప్పై ఏడు మంది, వాళ్లలో ఒక్కతే ఆడపిల్ల. దవాఖానలో కంపౌండరు పని చేసే పీటర్ కూతురు, ఎస్తేరు. ఆయన పేపర్ల కట్ట తెచ్చి, పైన ఉన్న పదీ పన్నెండూ తానే దిద్ది, మిగతావి నాకిచ్చి బడికి పోయాడు. మధ్యాహ్నం చిన్నది పడుకున్నాక కట్ట విప్పాను. ఎస్తేరు పేపరు ఆయన దిద్దిన వాటిలో ఉంది. ఇరవై తొమ్మిది మార్కులు. పాసు కావాలంటే ముప్పై ఐదు రావాలి. ఆరో ప్రశ్న మీద ఎర్ర పెన్సిలుతో అడ్డంగా పెద్ద గీత, పక్కన సున్నా.

నున్నటి బల్ల మీద ఎనిమిది పౌన్ల దిమ్మ. దాని మీద రెండు పౌన్ల దిమ్మ. రెండింటి మధ్యా ఘర్షణ గుణకం నాలుగో వంతు. పై దిమ్మ వెనక్కి జారిపోకుండా కింది దిమ్మను ఎంత బలంతో లాగవచ్చు? ఇదీ లెక్క. తక్కిన ముప్పై ఆరు మందీ పదహారు పౌండల్స్ అని రాశారు. పౌండల్ అంటే ఆ పుస్తకంలో బలానికి వాడే కొలత. ఎస్తేరు ఒక్కతే ఎనభై అని రాసింది.

బొమ్మ చూశాను. పై దిమ్మ మీద ఘర్షణకు ఆ పిల్ల బాణం గుర్తు ముందుకు గీసింది. కింద చిన్న అక్షరాలతో, ‘పై దిమ్మను ఎవరూ లాగడం లేదు, దాన్ని వెంట తీసుకొని పోయేది ఘర్షణే’ అని రాసింది. ఆ ఘర్షణ పదహారు పౌండల్స్‌కు మించి రాదు. రెండు పౌన్ల దిమ్మకు అది ఇచ్చే త్వరణం ఎనిమిది. కింది దిమ్మకూ అంతే ఉండాలి. రెండూ కలిస్తే పది పౌన్లు. పది ఎనిమిదులు ఎనభై. ఎక్కడా తడబాటు లేదు. నోట్స్ తీసి చూశాను. అందులో బాణం వెనక్కి ఉంది, జవాబు పదహారు దగ్గరే ఆగిపోయి ఉంది. రాసింది నా చెయ్యి. నా అందమైన చేతిరాత.

 సిగ్గుపడాల్సింది పోయి, ముందు నాకు కళ్ల నీళ్లు వచ్చాయి. ఈ ఊళ్లో ఇంకొక మనిషి కూర్చుని, ఆలోచించి, నోట్స్ చెప్పిన దారి కాదని ఒంటరిగా ఇంకో దారిన పోయింది. దానికి ఫలితం సున్నా.

ఆయన బడి నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాక చెప్పాను.

“ఎస్తేరుది కరెక్టున్నది. మీ నోట్స్ తప్పున్నది.”

“ఘర్షణ ఎప్పుడు గూడ చలనానికి ఉల్టానే ఉంటది. ఎన్నడన్న ముంగటికి తోస్తదా? పుస్తకంల ఉన్నది.”

నేను లేచాను. పీట తెచ్చి, దాని మీద పిండి డబ్బా పెట్టి, పీటను మెల్లగా లాగాను. డబ్బా పీటతోపాటు వచ్చింది.

“డబ్బాను నేను ముట్టుకోలేదు. ముంగటికి ఎవరు తెచ్చిన్రు?”

ఆయన డబ్బాను చూశాడు, పీటను చూశాడు. తానే వంగి ఒకసారి లాగాడు. ఆయన తెలివితక్కువ మనిషి కాదు. అర్థమైంది. మెడ దగ్గర ఎర్రబడటం నాకు కనిపించింది.

“ముప్పై ఆరు మంది నా నోట్స్ చూసే రాసిన్రు. ఇప్పుడు తప్పంటే నా ఇజ్జత్ ఏం గావాలె? ఇన్‌స్పెక్టరు నా నోట్స్ పక్క తాలూకాకు గూడ పంపుమన్నడు. ఆమె ఎట్లైన నర్సు ట్రెయినింగుకే పోతది. ఒక్క పిల్ల కోసం ఇంత లొల్లి ఎందుకు?”

“ఆమె ఒక్కతే కరెక్టు రాసింది గదా.”

 ఆయన అన్నాడు, కోపంగా కూడా కాదు, ఉన్న మాట చెబుతున్నట్టు: “నువ్వు బీదర్ పోకుంటే గిది కాకపోవు.”

మా అత్త లోపలి నుంచే అందుకుంది. “మొగని తప్పు పట్టేదాక వచ్చినవా నీలమ్మా? ఆయన తప్పు చేస్తె సర్కారు జీతమిచ్చి పెట్టుకుంటదా?”

నేను పీట గోడకు చేర్చి, డబ్బా దాని చోట పెట్టి, రాత్రి వంటకు కూర్చున్నాను. కాన్పు నొప్పులు పద్దెనిమిది గంటలు పడ్డాను బీదర్‌లో. ఆయన చెప్పినదాని ప్రకారం అవి సెలవులు. నేను పనికి రాని రోజులు. ఆ వాక్యాన్ని తలలో ఎన్నిసార్లు తిప్పుకున్నా అందులో నాకు ఆయన మీద అసహ్యం దొరకలేదు, అలసట దొరికింది. ఎవరి పని ఎవరిదో ఆయన ఎప్పుడో మరిచిపోయాడు. గుర్తు చేయకుండా ఆరేళ్లు ఊరుకున్నది నేనే.

శనివారం ఆయన తరగతిలో మార్కులు చదివి, ఆరో లెక్కకు ఎనభై తప్పని చెప్పాడట. ఆదివారం ప్రార్థన అయిపోయాక పీటర్ కూతుర్ని తీసుకుని మా ఇంటికి వచ్చాడు. మా అత్త వాళ్లను చూసి, “గాడనే, మెట్ల కింద నిలబడుమను” అంది. ఇద్దరూ ఎండలో నిలబడ్డారు. పీటర్ తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

“సార్, ఆరు మార్కులే తక్కువైనయట. జర దయ చూడుండ్రి. పంపకుంటే ఇంట్ల సంబంధం చూస్తమంటున్నరు. నేను ఎన్నిదినాలు ఆపుత?”

“మెహనత్ చెయ్యాలె పీటర్. ఊకె మార్కులు ఎట్లేస్త?” అన్నాడు మా ఆయన, గోడ వైపు చూస్తూ.

అప్పుడు ఆ పిల్ల మాట్లాడింది. సన్నగా, పొడుగ్గా ఉంది. తల దించకుండా అడిగింది. “సార్, ఎనభై ఎట్ల తప్పైతది? ఒక్కసారి సమజ్ చెయ్యుండ్రి సార్.”

“నోట్స్ చూసుకో. నోట్స్‌ల ఉన్నది.”

నేను తలుపు వెనక నిలబడి ఉన్నాను. చేతిలో వాళ్లకోసం కలిపిన చాయ్ ఉంది. మా అత్త కళ్లతోనే వద్దంది. వాళ్లు వెళ్లిపోయారు. చాయ్ చల్లబడే వరకు పట్టుకునే ఉన్నాను. నోట్స్‌లో ఉంది అన్నాడు. అంటే ఆ పిల్లను కాదన్నది నా రాత. ఇన్నాళ్లూ నా మాటలు ఆయన పేరుతో పోయాయని బాధపడ్డాను. ఇవాళ ఆయన తప్పు నా అక్షరాలతో ఒక పిల్ల చదువు ఆపుతోంది. ఇందులో మాత్రం నాకు వాటా వద్దు.

సోమవారం ఆయన బడికి పోయాక నీళ్లు తెచ్చాను, రొట్టెలు మూటగట్టి పెట్టాను, చిన్నదానికి పాలిచ్చి మా అత్త ఒళ్లో పెట్టాను.

“జర చూడుండ్రి అత్తమ్మా. బడికి పోయొస్త.”

“ఏ బడికి? పెద్దదాని బడికా?”

“ఆయన బడికి.”

ఆమె ఏదో అంటూనే ఉంది. ఎస్తేరు పేపరూ, నోటుబుక్కూ కొంగు కింద పెట్టుకుని బయలుదేరాను. బావి దారి తప్ప ఇంకో దారిన ఒంటరిగా నడిచి ఎన్నేళ్లయిందో. బొంబాయి రోడ్డు మీద చెరుకు బండ్లు వరసగా నిలిచి ఉన్నాయి. అల్లం బస్తాలు ఎక్కిస్తున్న లారీ పక్క నుంచి పోతుంటే ఆ ఘాటుకు కళ్లు మండాయి. కిరాణం కొట్టు రేవణసిద్ధప్ప కూర్చున్న చోటి నుంచి లేచి మరీ చూశాడు. మహాదేవప్ప సారు భార్య ఎక్కడికి పోతోందని.  నేను ఆగలేదు.

హెడ్మాస్టరు జగన్‌మోహన్ గారు బందరు వైపు మనిషి, లెక్కల ఎమ్మే. “కూర్చోండమ్మా, ఇంట్లో అందరూ కులాసానా?” అన్నారు. పేపరు బల్ల మీద పెట్టాను. లెక్క చెప్పాను. ఆయన మొదట నవ్వారు, తర్వాత కళ్లద్దాలు పెట్టుకున్నారు, తర్వాత కాగితం తీసుకుని తానే చేసుకున్నారు. ఎనభై దగ్గర ఆగి తల ఎత్తి నా వైపు చూశారు.

“మీరు చెప్పింది నిజమే. మహాదేవప్ప గారు ఇంత పొరపాటు ఎలా చేశారు? మిగతా నోట్సంతా నేను చూశాను, అద్భుతంగా ఉంటుంది.”

“మిగతా నోట్స్ నాదండీ.”

“అవునమ్మా, మీ చేతిరాతేనని ఆయన చెప్పారు. చాలా ఓపికగా కాపీ చేసి పెడతారట.”

 ఒక్కొక్క చాప్టరూ తీసి చెప్పగలను. పలక ఇస్తే ఇక్కడే చేసి చూపించగలను. కానీ ఇవాళ నేను వచ్చిన పని అది కాదు.

“ఆ అమ్మాయికి ఎనిమిది మార్కులు వస్తాయా?”

“వస్తాయి. ముప్పై ఏడు. పంపిద్దాం. మగపిల్లలు నోట్స్‌లో ఉన్నదే రాశారు కాబట్టి వాళ్ల మార్కులు కదపను.” ఆయన కలం మూత తీశారు. “అయితే మాస్టారే తిరిగి చూసుకుని సవరించారని రాస్తాను. మగవాడి మర్యాద సంగతి, మీకు నేను చెప్పాలా?”

“రాయండి” అన్నాను. నిజంగానే నాకు ఇంకో మాటకు ఓపిక లేదు.

బయటికి వస్తుంటే బడి గేటు దగ్గర ఎస్తేరు కనిపించింది. తరగతిలోకి పోవాలో వద్దో తెలియక నిలబడి ఉంది. విషయం చెప్పాను. నవ్వలేదు, ఏడవలేదు. నా చేతిలోని నోటుబుక్కు వైపే చూస్తోంది.

“అమ్మా, గీ దస్తూరి మీదే గదా?”

“నాదే.”

“నేను అనుకున్న.” నోటుబుక్కు అంచు ముట్టుకుంది. “ఏమనుకోవద్దు. నోట్స్ అంత ఒక్క మనిషి చేసినట్టుంటది. ఏడ నాకు సమజ్ కాదో ఆడికి రాంగనే ఇంకో మాట రాసుంటది, అడిగినట్టే. ఘర్షణ చాప్టరు ఒక్కటే గట్ల లేకుండె. దస్తూరి అదే గని, ఎవరో వేరేటోళ్లు చేసిన్రని అప్పుడే అనిపించింది. అందుకే నమ్మలే.”

ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేశాను.  ఆరేళ్లలో ఈ ఊళ్లో ఒక మనిషి నన్ను చదివింది. ముఖం చూడకుండా, పేరు తెలియకుండా, నేను ఎక్కడ ఉన్నానో ఎక్కడ లేనో గుర్తు పట్టింది.

“సైన్సే చదువుతవా?”

“చదువుకుంటనమ్మా. గని పబ్లిక్ పరీక్షకు రెండు నెలలు లేదు. చెప్పేటోళ్లు లేరు.”

ఇంటికి ఎట్లా నడిచి వచ్చానో గుర్తు లేదు. మా అత్త వారం పాటు నాతో మాట్లాడనని చెప్పి, ఆ వారమంతా మాట్లాడుతూనే ఉంది. మా ఆయన మాత్రం నిజంగానే మాట్లాడలేదు. కావలసినవి పెద్దదానితో చెప్పించుకున్నాడు. బడిలో ఆయనకు ఏమీ కాలేదు. పైగా, తన తప్పు తానే దిద్దుకున్న నిజాయితీ గల మాస్టరని హెడ్మాస్టరు అందరి ముందూ మెచ్చుకున్నారట. ఆ మెప్పు ఆయనను బాగా బాధపెట్టిందని నాకు తెలుస్తూనే ఉంది. మూడు రోజులు సరిగ్గా తినలేదు.

శుక్రవారం మధ్యాహ్నం బడి తొందరగా వదిలారు. నేను వసారాలో చిన్నదాన్ని పడుకోబెడుతున్నాను. ఆయన నోటుబుక్కు తెచ్చి మంచం మీద పెట్టాడు. కొత్త పెన్సిలు కూడా పెట్టాడు.

“ఘర్షణ చాప్టరు మల్ల రాసియ్యి. పక్క తాలూకాకు పంపాలె. ఈపాలి నువ్వే చెయ్యి, మొదటి నుంచి.”

“రాయను” అన్నాను.

ఆయనకు వినపడనట్టు చూశాడు. “ఏమన్నవ్?”

“రాయను. ఇది గాదు, ఇంకోటి గాదు. అలిసిపోయిన.”

“మరి నేనేం జేయాలె? పిల్లలకు ఏం జెప్పాలె?” ఆ గొంతులో ఆ మొదటి రోజు ఇంగ్లీషు పుస్తకం పట్టుకుని వచ్చిన భయమే ఉంది. దాన్ని చూసి జాలిపడటం నాకు బాగా అలవాటు. ఆ అలవాటు లేచి నిలబడేలోపే మాట్లాడేశాను.

“ఎస్తేరుకు కబురు పంపిన. సోమవారం నుంచి దినాం నాలుగింటికి వస్తది. మెట్ల కింద గాదు, లోపల, ఈ చాప మీదనే కూసుంటది. అత్తమ్మకు నేను చెప్పుకుంట. ఘర్షణతోనే మొదలుపెడుత.” చిన్నది కదిలితే జోకొట్టి, గొంతు తగ్గించి అన్నాను. “మీకు గావాలంటే మీరు గూడ వచ్చి కూసోండ్రి.”